ట్యాప్ మీద నిలబడిన విద్య: బ్రెజిలియన్ జియు-జిట్సు సాధన, సంస్కృతి

బ్రెజిలియన్ జియు-జిట్సులో వాడే పట్లలో బ్రెజిల్‌లో పుట్టినవి తక్కువే. ప్రత్యర్థి చేతిని తొడల మధ్య ఇరికించి మోచేతిని వెనక్కి వంచే ఆర్మ్‌బార్, మెడనూ ఒక భుజాన్నీ కలిపి కాళ్లతో బిగించే ట్రయాంగిల్, వెనక నుంచి మెడకు చేయి చుట్టే రియర్ నేకెడ్ చోక్ అన్నీ జపాన్ జూడోలో అంతకుముందే ఉన్నాయి. మరి ఈ విద్యకు విడిగా ఒక పేరు, దేశదేశాల్లో జిమ్ములు, తనదైన ఒక సమాజం ఎలా ఏర్పడ్డాయి? జవాబు పట్లలో కంటే వాటిని సాధన చేసే తీరులో ఎక్కువగా దొరుకుతుంది. ఆ తీరంతా ఒక చిన్న సైగ మీద ఆధారపడింది. ఇక తట్టుకోలేనని అనిపించినప్పుడు ఎదుటి మనిషి ఒంటి మీదో మ్యాట్ మీదో అరచేత్తో రెండు మూడుసార్లు తడతారు. చేతులు రెండూ ఇరుక్కుపోతే కాలితో తడతారు, లేదా నోటితో చెబుతారు. అదే ట్యాప్. తట్టిన మరుక్షణం పట్టు వదిలేయాలి. ఇద్దరూ చేతులు కలుపుకొని మళ్లీ మొదలుపెడతారు.

ఈ సైగ విలువ తెలియాలంటే మిగతా పోరాట విద్యల ఇబ్బంది చూడాలి. బాక్సర్లు రోజూ పూర్తి బలంతో గుద్దుకుంటే మెదడు పాడవుతుంది. అందుకే వాళ్ల సాధనలో పెద్ద భాగం సంచీ మీద, ప్యాడ్ల మీద, సగం బలంతో జరుగుతుంది. కళ్లు పొడవడం, గొంతు మీద కొట్టడం నేర్పే ఆత్మరక్షణ తరగతుల్లోనైతే సాధన పేరుతో జరిగేది నటనే. నిజంగా పొడిచి చూడటం ఎవరి తరమూ కాదు. మోచేతిని విరిచే పట్టు కూడా ప్రమాదకరమైనదే. కానీ అది క్రమంగా బిగుస్తుంది. ముందు నొప్పి, ఆ తర్వాతే గాయం. ఆ రెండింటి మధ్య ఉండే కొద్దిపాటి వ్యవధిలోనే ఈ విద్య మొత్తం కాపురం పెట్టింది. ఆ వ్యవధి ఉన్నంతకాలం ఇద్దరు మనుషులు ఒళ్లు దాచుకోకుండా తలపడి, ఓడి, నీళ్లు తాగి, మళ్లీ తలపడవచ్చు. అలా ఏళ్ల తరబడి చేయవచ్చు.

ఈ సూత్రం పట్టుకున్నది బ్రెజిల్ వాళ్లు కాదు. 1882లో టోక్యోలో కొడోకాన్ స్థాపించిన జిగోరో కానో పాత జుజుత్సు విద్యల్లోంచి సాధనకు వీలుకానంత ప్రమాదకరమైనవాటిని పక్కనపెట్టి, మిగిలినవాటిని పూర్తి ప్రతిఘటనతో సాధన చేయించాడు. దానికి రందోరి అని పేరు. కొన్ని పట్లే తెలిసినా వాటితో రోజూ నిజంగా తలపడేవాడు, వంద పట్లు కంఠస్థం చేసినవాడి మీద నెగ్గుతాడని కొడోకాన్ శిష్యులు త్వరలోనే చూపించారు. ఆ కొడోకాన్‌లో తయారైన మిత్సుయో మయేదా 1904లో జపాన్ విడిచి, దేశాలు తిరుగుతూ పందేల పోటీలు ఆడుతూ 1914లో బ్రెజిల్ చేరాడు. చివరికి అమెజాన్ ప్రాంతంలోని బెలెం నగరంలో స్థిరపడ్డాడు. అక్కడ గ్రేసీ కుటుంబానికి చెందిన కార్లోస్ ఈ విద్య నేర్చుకున్నాడు. అతడి నుంచి తమ్ముడు హేలియోకి, తర్వాత వాళ్ల కొడుకులకి, మేనల్లుళ్లకి, శిష్యులకి పాకింది. అప్పటికి బ్రెజిల్‌లో జూడోని కూడా జియు-జిట్సు అనే పిలిచేవారు కాబట్టి ఆ పేరే నిలిచిపోయింది.

బక్కపలచని హేలియో బలంతో చేసే పట్లు తన వల్ల కాక, ఒడుపుతో పనిచేసే కొత్త విద్యను తయారుచేశాడన్నది గ్రేసీ కుటుంబం చెప్పే కథ. వినడానికి బాగుంటుంది, జిమ్ గోడ మీద ఫొటో కింద రాసుకోవడానికీ బాగుంటుంది. అయితే ఒడుపు, నేల మీది పోరు రెండూ జపాన్‌లో అప్పటికే ఉన్నాయి. అక్కడి ఉన్నత పాఠశాలల మధ్య జరిగే కోసెన్ జూడో పోటీల్లో నేల పోరుదే పైచేయి. అసలు తేడా నియమాల్లో వచ్చింది. కొడోకాన్ జూడో రానురాను నిలబడి విసరడానికి పెద్దపీట వేసి, నేల మీద గడిపే సమయానికి కళ్లెం వేసింది. బ్రెజిల్‌లో ఆ కళ్లెం పడలేదు. నేల మీద ఎంతసేపైనా ఉండనిస్తే మనుషులు అక్కడ ఎన్ని దారులు వెతుకుతారో ఆ తర్వాతి వందేళ్లలో తేలింది.

గ్రేసీలది ఒక్కటే శాఖ అనుకోవడమూ పొరపాటే. మయేదా నుంచి లూయిజ్ ఫ్రాన్సా, అతడి నుంచి ఒస్వాల్డో ఫడ్డా అందుకున్న మరో వరస ఉంది. గ్రేసీ అకాడమీ రియో నగరంలోని సంపన్నులకు పాఠాలు చెబుతున్న రోజుల్లో ఫడ్డా బెంతో రిబేరో అనే శివారు పేటలో డబ్బు కట్టలేని వాళ్లకూ నేర్పాడు. 1950ల్లో ఫడ్డా శిష్యులు గ్రేసీ అకాడమీతో తలపడి గెలిచారు. వాళ్ల ఆయుధం పాదాన్ని, మడమను పట్టే లాక్. ఓడినవాళ్లు దాన్ని చెప్పులు కుట్టేవాళ్ల పట్టు అని ఎగతాళి చేశారు. ఆ చిన్నచూపు యాభై ఏళ్లు సాగింది. దానికి ఎంత మూల్యం చెల్లించాల్సి వచ్చిందో ఈ వ్యాసంలోనే కొంత దూరం వెళ్లాక కనిపిస్తుంది.

తట్టనివాళ్ల కథలు

విచిత్రం ఏమిటంటే, ట్యాప్ మీద బతికే ఈ విద్య కథలుగా చెప్పుకునేది తట్టనివాళ్ల గురించి. 1951 అక్టోబరులో రియోలోని మరకానాలో హేలియో గ్రేసీ జపాన్ జూడో దిగ్గజం మసహికో కిమురాతో తలపడ్డాడు. కిమురా అతడి చేతిని వెనక్కి మెలిపెట్టి భుజాన్ని లాక్ చేశాడు. ఎముక విరిగిన చప్పుడు వినిపించిందని కిమురా తర్వాత రాసుకున్నాడు. హేలియో తట్టలేదు. అన్న కార్లోస్ తువ్వాలు విసిరి పోటీ ఆపించాడు. ఆ పట్టుకు బ్రెజిల్ వాళ్లు గెలిచినవాడి పేరే పెట్టారు. నేడు ప్రపంచమంతా దాన్ని కిమురా అనే అంటుంది. కథ అక్కడితో ఆగలేదు. 1999లో జపాన్‌లో కజుషి సకురబా అదే పట్టుతో హేలియో కొడుకు రాయ్లర్‌ను బిగిస్తే రిఫరీ ఆపాడు. 2000లో అదే సకురబా, అదే పట్టు. ఈసారి రెంజో గ్రేసీ మోచేయి కీలు తప్పింది. ఇద్దరిలో ఎవరూ తట్టలేదు.

ఇవన్నీ వీరగాథలుగా చలామణి అవుతున్నాయి. వేదిక మీద, ఇంటిపేరు పణంగా పెట్టిన రోజున అది వీరత్వమే కావచ్చు. మంగళవారం సాయంత్రం జిమ్‌లో, మర్నాడు ఆఫీసుకు వెళ్లాల్సిన మనిషి అదే చేస్తే మిగిలేది ఆరు నెలల ఫిజియోథెరపీ. నిజానికి ఈ విద్యను ప్రపంచానికి పరిచయం చేసిన రోజున పనిచేసింది తట్టడమే. 1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్‌లో జరిగిన, వేర్వేరు పోరాట విద్యలవాళ్లు తలపడే పోటీ అయిన మొదటి యూఎఫ్‌సీలో హేలియో మరో కొడుకు రాయిస్ ఒకే రాత్రి ముగ్గురిని ఓడించాడు. వాళ్లలో బాక్సర్ ఆర్ట్ జిమర్సన్, ఒడ్డూ పొడుగూ ఉన్న కెన్ షామ్‌రాక్, ఫైనల్లో గెరార్డ్ గోర్డో ఉన్నారు. సుమారు 80 కిలోల మనిషి, రక్తపాతం లేకుండా, ఎదుటివాళ్ల చేత తట్టించి గెలవడం చూసినవాళ్లకు కొత్త. కుటుంబం నుంచి మరింత బలిష్ఠుడైన రిక్సన్‌ను కాకుండా రాయిస్‌ను దించడం వెనక లెక్క అదే. సన్నటి మనిషి గెలిస్తే ఆ ఘనత విద్యకే దక్కుతుంది.

వెల్లకిలా పడుకుని ఆడే ఆట

కుస్తీ చూసి పెరిగిన కళ్లకు ఈ ఆటలో వింతగా తోచేది గార్డ్. హైదరాబాద్ పాతబస్తీ తాలీంలలోనైనా, కొల్హాపూర్ అఖాడాల్లోనైనా వీపు నేలకు ఆనిందంటే చిత్, ఆట ముగిసింది. ఇక్కడ ఆటగాళ్లు తమంతట తామే కూర్చుని, వెల్లకిలా వాలి, ఎదుటివాణ్ని రమ్మంటారు. కింద ఉన్నవాడి కాళ్లు ఇద్దరి మధ్య అడ్డుగా ఉన్నంతసేపు అతడు ఓడినట్టు కాదు. కాళ్లు చేతుల కంటే పొడవు, బలం కూడా ఎక్కువ. నేల మీద ఉన్నప్పుడు ఒంటి బరువు మోయాల్సిన పని వాటికి ఉండదు. కాబట్టి నెట్టడానికి, లాగడానికి, కొక్కెంలా తగిలించడానికి, మెడకు చుట్టడానికి ఖాళీగా ఉంటాయి. కింది నుంచి తిరగేసి పైకి వస్తే స్వీప్. పైవాడు ఆ కాళ్లను దాటి పక్కకు చేరితే పాస్. జియు-జిట్సు ఆటలో సగానికి పైగా ఈ రెండు ప్రయత్నాల మధ్య జరిగే పెనుగులాటే.

గార్డ్‌లో ఇప్పుడు లెక్కలేనన్ని రకాలు. వాటిలో చాలావాటికి ఎవరో ఒకరి శరీర పరిమితి కారణం. 1980ల్లో కార్ల్సన్ గ్రేసీ శిష్యుడు రికార్డో డి లా రివా తనకంటే పెద్దవాళ్లను ఆపడానికి వాళ్ల ముందు కాలికి బయటి నుంచి పాదం మెలివేశాడు. ఆ గార్డ్‌కు అతడి పేరే స్థిరపడింది. మోకాలి గాయంతో, ఎదుటివాడి నడుముకు రెండు కాళ్లూ చుట్టే పూర్తి గార్డ్ ఆడలేకపోయిన రోబెర్టో కొరేయా హాఫ్ గార్డ్‌ను, అంటే ఎదుటివాడి ఒక్క కాలినే పట్టి ఉంచే, అంతవరకు ఓటమికి ఒక మెట్టు ముందు అనుకున్న స్థితిని, దాడికి వాడటం మొదలుపెట్టాడు. 77 కిలోల మార్సెలో గార్సియా ఎక్స్-గార్డ్‌తో, ఎదుటివాడి వెనక చేరి మెడ పట్టడంతో తనకంటే చాలా బరువైనవాళ్లను ఓడించి, పట్ల పోటీల్లో పేరుమోసిన ఏడీసీసీ టైటిల్ నాలుగుసార్లు గెలిచాడు. ఆట ఎదిగిన తీరు ఇదే. ఎవరూ గదిలో కూర్చుని సిద్ధాంతం రాయలేదు. రోజూ ఓడుతూ, ఓడకుండా ఉండటానికి ఏదో ఒకటి ప్రయత్నించేవాళ్లు కనిపెట్టారు. ఓటమి ఖరీదు తక్కువైతే ప్రయోగాలు పెరుగుతాయి. ఆ ఖరీదును తగ్గించింది ట్యాపే.

పట్ల వెనక ఉన్న లెక్క సులువైనదే. ఆర్మ్‌బార్‌లో ఒక మనిషి తొడలు, నడుము, వీపు కండరాలన్నీ కలిసి ఎదుటి మనిషి ఒక్క మోచేయి మీద పనిచేస్తాయి. చోక్ అంటే ఊపిరి ఆపడం అని చాలామంది అనుకుంటారు. సరిగ్గా పట్టిన చోక్ మెడకు రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులను నొక్కుతుంది; 10 సెకన్లకు అటూ ఇటూగా స్పృహ తప్పుతుంది. గొంతు గొట్టం నొక్కితే నొప్పి ఎక్కువ, ఫలితం తక్కువ. అందుకే అనుభవజ్ఞుల చోక్‌లో పెద్దగా నొప్పి తెలియదు, చెవుల్లో హోరు మొదలై కళ్లు మసకబారతాయి. కొత్తవాళ్లు సకాలంలో తట్టకపోవడానికి ఇదొక కారణం. నొప్పి వచ్చాక తడదామని చూస్తుంటారు, ఆ నొప్పి రాదు.

ఇక పాయింట్లు. అంతర్జాతీయ సమాఖ్య ఐబీజేజేఎఫ్ పద్ధతిలో కింద పడేస్తే 2, స్వీప్‌కు 2, పొట్ట మీద మోకాలు ఆనించి నిలిస్తే 2, గార్డ్ దాటితే 3, ఛాతీ మీద ఎక్కి కూర్చునే మౌంట్‌కు 4, వెనక చేరి కాళ్లు తగిలిస్తే 4. ఈ అంకెల వెనక వీధి పోరాటపు తర్కం ఉంది. ఎక్కడి నుంచి గుద్దడం తేలికో అక్కడ ఎక్కువ పాయింట్లు. కానీ నియమం ఒకసారి రాశాక ఆటగాళ్లు ఆడేది దాని వెనకున్న ఉద్దేశంతో కాదు, ఆ నియమంతోనే. ఇద్దరూ ఒకేసారి కూర్చుని, నువ్వు లే అంటే నువ్వు లే అన్నట్టు పాదాలతో తడుముకునే మ్యాచ్‌లు ప్రపంచ పోటీల్లోనూ కనిపిస్తాయి. తలకిందులుగా దొర్లి ఎదుటివాడి వీపు పట్టే బెరింబోలో చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, గుద్దులు ఉన్న పోరులో మాత్రం దాని జోలికి ఎవరూ పోరు. దీన్ని పతనం అనేవాళ్లున్నారు. పది నిమిషాల ఆటను ఆటగా చూడలేకపోవడం ఆ విమర్శలోని లోపం. అయినా అందులో కొంత నిజం ఉంది. 2009 ప్రపంచ పోటీల్లో రోజర్ గ్రేసీ ఒకరి తర్వాత ఒకరిని మౌంట్ నుంచి గీ అనే మందపాటి సాధన దుస్తుల కాలర్ పట్టి చేసే క్రాస్ చోక్‌తో, అంటే మొదటి నెలలో నేర్పే పాఠంతో, తట్టించాడు. ఏం చేయబోతున్నాడో అందరికీ తెలుసు. ఆపగలిగినవాళ్లు లేరు.

జిమ్‌లో గంటన్నర

సగటు తరగతి ఎక్కడైనా ఒకేలా ఉంటుంది. తుంటిని పక్కకు జరుపుతూ మ్యాట్ పొడవునా పాకే ష్రింప్, వంతెనలా నడుము ఎత్తే బ్రిడ్జ్ వగైరాలతో ఒళ్లు వేడెక్కిస్తారు. ఆపైన శిక్షకుడు రెండో మూడో పట్లు చూపిస్తాడు. జంటలుగా విడిపోయి, ప్రతిఘటన లేకుండా వాటిని అటు పది, ఇటు పది చేస్తారు. చివర్లో రోలింగ్, అంటే ఐదారు నిమిషాల రౌండ్లుగా నిజమైన పోరు. దానికోసమే వచ్చేవాళ్లు ఎక్కువ.

ఈ అమరికలో ఒక తిరకాసు ఉంది. చూపించిన పట్టు ప్రతిఘటన లేనప్పుడు చక్కగా వస్తుంది, రోలింగ్ మొదలవగానే మాయమవుతుంది. మర్నాటి తరగతిలో పాఠం మరొకటి. ఇలా ఏడాది గడిచినా చాలామందికి తెలిసింది చాలా, చేయగలిగింది కొంచెం. దీనికి పాత విరుగుడు పొజిషనల్ స్పారింగ్. ఒక స్థితి నుంచే మొదలుపెట్టి, ఒకరు తప్పించుకోవడానికి, మరొకరు పట్టి ఉంచడానికి ప్రయత్నిస్తారు. ఎవరో ఒకరు సాధించగానే మళ్లీ అక్కడి నుంచే. ఇటీవల ఈ వాదన మరో అడుగు ముందుకు వేసింది. అమెరికాలోని మేరీల్యాండ్‌లో శిక్షణ ఇచ్చే గ్రెగ్ సౌడర్స్ లాంటివాళ్లు పట్టు చూపించి వల్లెవేయించడమే దండగ అంటారు. చిన్న చిన్న ఆటలు పెట్టి, ఒక్కోదానికి ఒక లక్ష్యం, ఒక పరిమితి ఇస్తే శరీరం తనకు కావలసిన దారి తనే వెతుక్కుంటుందన్నది వాళ్ల మాట.

ఈ వివాదంలో రెండు పక్షాలూ అవసరానికి మించి గొంతు పెంచాయి. ప్రతిఘటన లేని వల్లెవేతకు పరిమిత ప్రయోజనమే ఉందన్నది కానో నాటి నుంచి తెలిసిన సంగతే. అలాగని ట్రయాంగిల్ ఎప్పుడూ చూడని మనిషి ఆటల ద్వారా దాన్ని తనంతట తాను కనిపెట్టేదాకా ఎదురుచూడటంలోనూ అర్థం లేదు. గంటన్నరలో నిజమైన ప్రతిఘటన ఎంతసేపు ఉంది అన్న ప్రశ్న వేస్తే రెండు రకాల జిమ్ముల్లోనూ మంచివీ చెడ్డవీ తేలికగా వేరవుతాయి.

ప్రతిఘటనకూ మోతాదు ఉంది. రోజూ ప్రాణం మీదికి వచ్చినట్టు రోల్ చేసే జిమ్ములో ఏడాదికి మిగిలేది కుర్రాళ్లే. వయసు మీద పడినవాళ్లు, చిన్న ఒళ్లున్నవాళ్లు, ఆడవాళ్లు ఒక్కొక్కరే మానేస్తారు. వాళ్లతో పాటే ఒడుపుతో ఆడేవాళ్లు పోతారు, ఆ మేరకు జిమ్ ఆట కూడా మొద్దుబారుతుంది. మధ్య స్థాయికి చేరిన బలమైన పర్పుల్ బెల్టు కొత్తమ్మాయితో రోల్ చేసేటప్పుడు కావాలనే చెడ్డ స్థితిలోకి వెళ్లి, అక్కడి నుంచి బయటపడటం సాధన చేస్తాడు. ఇద్దరికీ లాభమే. ఈ మర్యాదను ఎవరూ రాసిపెట్టరు, పాతవాళ్లను చూసి కొత్తవాళ్లకు అబ్బుతుంది. గోళ్లు కత్తిరించుకోవడం, బాత్రూమ్‌కు చెప్పులు లేకుండా వెళ్లకపోవడం, గీని ప్రతిసారీ ఉతకడం కూడా అలాంటివే. పాటించని చోట తామర ఒకరి నుంచి ఒకరికి వారం రోజుల్లో జిమ్మంతా పాకుతుంది.

నొప్పి ఆలస్యంగా వచ్చే చోట

ట్యాప్ పద్ధతికి పునాది నొప్పి ముందు, గాయం తర్వాత రావడం అన్నాం కదా. హీల్ హుక్ ఆ వరసను తారుమారు చేస్తుంది. ఈ పట్టులో మడమను మోచేతి వంపులో ఇరికించి తిప్పుతారు, కాని తెగేది మోకాలిలోని లిగమెంట్లు. అక్కడ నొప్పి తెలిసేసరికి తరచూ నష్టం జరిగిపోయి ఉంటుంది. ఈ కారణంగా, అంతకంటే పాతదైన చెప్పులు కుట్టేవాళ్ల పట్టు అనే చిన్నచూపు కారణంగా, దశాబ్దాల పాటు జిమ్ములు కాళ్ల జోలికి పోలేదు. ఫలితంగా కాళ్లను కాపాడుకోవడమూ ఎవరికీ రాలేదు. న్యూయార్క్‌లో రెంజో గ్రేసీ అకాడమీలో అప్పట్లో నేర్పిన జాన్ డానహర్‌ను, మనిషి ఒంట్లో సగాన్ని ఎందుకు వదిలేస్తున్నారని అమెరికా ఆటగాడు డీన్ లిస్టర్ ఒకసారి అడిగాడట. డానహర్ ఆ ప్రశ్నను వదల్లేదు. కాళ్లను ఎలా చిక్కించుకోవాలి, ఎలా కదలకుండా పట్టి ఉంచాలి అన్నదాన్ని ఒక క్రమంలో పెట్టాడు. 2010ల మధ్యకల్లా అతడి శిష్యులు గ్యారీ టోనన్, ఎడీ కమింగ్స్, గోర్డన్ రయాన్ అప్పటిదాకా పేరున్నవాళ్లను వరసగా తట్టించారు.

తర్వాత జరిగింది ఆసక్తికరం. హీల్ హుక్ మామూలైన జిమ్ములు గాయాల దుకాణాలుగా మారిపోలేదు. నొప్పి కోసం ఎదురుచూడకుండా, మడమ చిక్కిందని తెలియగానే తట్టాలి. పట్టినవాడు తిప్పకుండా ఆగి, తట్టడానికి సమయం ఇవ్వాలి. ఈ కొత్త మర్యాద పుట్టిన చోట పట్టు కూడా భద్రంగా సాధనలోకి వచ్చింది. 2021 నుంచి ఐబీజేజేఎఫ్ సైతం గీ లేని పోటీల్లో బ్రౌన్, బ్లాక్ బెల్టు పెద్దలకు హీల్ హుక్ అనుమతించింది.

బెల్టు, గురువు, గొలుసు

తెలుపు, నీలం, పర్పుల్, బ్రౌన్, నలుపు. పెద్దలకు నలుపు దాకా ఉన్నవి ఐదే బెల్టులు, వాటిని దాటడానికి సగటున పదేళ్ల దాకా పడుతుంది. మూడు నాలుగేళ్ల సాధనకే పిల్లలకు బ్లాక్ బెల్టు కట్టే విద్యలున్న లోకంలో ఇది నిజమైన గౌరవం తెచ్చిపెట్టింది. ఇక్కడ 19 ఏళ్లు నిండకుండా బ్లాక్ బెల్టు ఇవ్వరు. బెల్టును నిలబెట్టేది కాగితం మీది పరీక్ష కాదు, రోజూ జరిగే రోలింగ్. అర్హత లేని బ్లూ బెల్టును పక్క ఊరి తెల్ల బెల్టు మొదటి రౌండ్లోనే బయటపెడతాడు. బెల్టు పుచ్చుకున్న రోజున రెండు వరసల్లో నిలబడ్డ సహచరుల మధ్య నుంచి నడుస్తుంటే వీపు మీద బెల్టులతో కొట్టే ఆచారం ఒకటి ఉండేది. ఇప్పుడు చాలా జిమ్ములు మానుకున్నాయి, మంచి పనే.

ఇబ్బంది మరో చోట ఉంది. బెల్టు ఇచ్చే అధికారం ఒక్క మనిషిది. ఎవరి చేతి మీదుగా బెల్టు వచ్చింది, అతడికి ఎవరిచ్చారు, అలా కార్లోస్ దాకానో మయేదా దాకానో గొలుసు చెప్పగలగడం ఈ సమాజంలో వంశవృక్షంతో సమానం. నకిలీ బ్లాక్ బెల్టులను పట్టుకోవడానికి ఆ గొలుసు పనికొస్తుంది. శిష్యుణ్ని కట్టిపడేయడానికీ పనికొస్తుంది. జిమ్ మారినవాణ్ని బ్రెజిల్‌లో క్రియోంతే, అంటే ద్రోహి, అంటారు. ఆ మాటను ప్రచారంలోకి తెచ్చిన కార్ల్సన్ గ్రేసీ దగ్గరి నుంచి ఆయన సొంత శిష్యులే విడిపోయి వేరే జట్లు పెట్టుకున్నారు. అమెరికా పెద్ద నగరాల్లో నెలకు 200 డాలర్లకు అటూ ఇటూగా ఫీజు కట్టే ఖాతాదారును, పక్క జిమ్‌లో ఒక ఆదివారం సాధన చేసినందుకు ద్రోహి అనడంలో గురుభక్తి కంటే వ్యాపారమే ఎక్కువ.

మ్యాట్ మీద ట్యాప్ ఎంత శక్తివంతమైనదో మ్యాట్ దాటాక అంత బలహీనం. రోలింగ్‌లో తెల్ల బెల్టు తట్టినా ప్రపంచ విజేత వదలాల్సిందే. అదే తెల్ల బెల్టు గురువుగారి ప్రవర్తన నచ్చలేదని చెప్పాలంటే సైగ లేదు, రిఫరీ లేడు. పదేళ్ల బెల్టు ప్రయాణం ఒక్క మనిషి చేతిలో ఉంది, స్నేహితులంతా అక్కడే ఉన్నారు, బయటికి పోతే ద్రోహి. గడచిన కొన్నేళ్లలో పలు పేరుమోసిన జట్లలో శిక్షకుల మీద లైంగిక వేధింపుల ఆరోపణలు, కొన్నిసార్లు నేర విచారణలు రావడం యాదృచ్ఛికం కాదు. శరీరాలు ఇంత దగ్గరగా ఉండే విద్యలో, మైనర్లు కూడా చేరే చోట, అధికారం ఇంతగా ఒకరి దగ్గరే పోగుపడితే ఏం జరుగుతుందో అదే జరిగింది. బాధితుల మాట బయటికి వచ్చిన ప్రతిసారీ ముందు వినిపించింది జట్టు పరువు గురించిన ఆందోళన. ఆడవాళ్లకు ఈ లోకం తలుపు తీసిందే ఆలస్యంగా. యివోనె దువార్తె మొదటి మహిళా బ్లాక్ బెల్టు అందుకున్నది 1990లో. అప్పటికి రియోలో కార్లోస్ అకాడమీ తెరిచి అరవై ఏళ్లు దాటింది.

ఈ బిగింపుకు విరుగుడు కూడా లోపలి నుంచే వస్తోంది. వారాంతాల్లో ఏ జిమ్ వాళ్లయినా వచ్చి కలిసి రోల్ చేసే ఓపెన్ మ్యాట్లు పెరిగాయి. డెన్మార్క్‌కు చెందిన క్రిస్టియన్ గ్రౌగార్ట్ మొదలుపెట్టిన బీజేజే (బ్రెజిలియన్ జియు-జిట్సు) గ్లోబ్‌ట్రాటర్స్ జట్టులో అనుబంధ రుసుములు లేవు, వేరే జిమ్‌లో సాధన చేయకూడదన్న ఆంక్ష లేదు. గురువు ఒక్కడి దగ్గరే దొరికే రహస్యం అనేది వీడియో పాఠాలు వచ్చాక ఎలాగూ మిగల్లేదు.

డబ్బు సంగతి ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. అబూ ధాబీలో 1998లో మొదలై గీ లేని పోటీల్లో అన్నిటికంటే పెద్దదిగా ఎదిగిన ఏడీసీసీలో, 2024 నాటికి పురుషుల్లో ఒక బరువు విభాగం గెలిస్తే వచ్చేది 10,000 డాలర్లు. 2024 ఆగస్టులో ఆస్ట్రేలియా ఆటగాడు క్రెయిగ్ జోన్స్ అదే వారాంతంలో, అదే లాస్ వేగాస్‌లో పోటీ పెట్టి, కేవలం వచ్చి ఆడినందుకు ప్రతి ఒక్కరికీ 10,001 డాలర్లు, విజేతకు పది లక్షల డాలర్లు ప్రకటించాడు. ఆ అదనపు ఒక్క డాలరు వేళాకోళం కోసమే.

ఆసియాలో ఈ ఆట నిలదొక్కుకోవడం వెనక అబూ ధాబీ పాలకుల ఆసక్తి ఉంది. యూఏఈలో దీన్ని ప్రభుత్వ బడుల్లోనే ప్రవేశపెట్టారు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో జు-జిట్సు మొదటిసారి పతకాల పట్టికకెక్కింది. మన దగ్గర హైదరాబాద్, బెంగళూరు లాంటి నగరాల్లో ఎంఎంఏ (మిశ్రమ పోరాట క్రీడ) జిమ్ముల వెంట ఇదీ వచ్చింది. బ్లాక్ బెల్టులు ఇంకా అరుదు కాబట్టి చాలాచోట్ల పర్పుల్, బ్రౌన్ బెల్టులే పాఠం చెబుతారు, అందులో తప్పులేదు. చేరాలనుకునేవాళ్లు బెల్టు రంగు కంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. శిక్షకుడు శిష్యులతో రోల్ చేస్తున్నాడా, చేస్తే అందరి ముందూ వాళ్లకు తడుతున్నాడా? తరగతిలో ఆడవాళ్లు, నలభై దాటినవాళ్లు ఎందరున్నారు, ఎన్నాళ్లుగా ఉన్నారు? ఆదివారం మరో జిమ్ ఓపెన్ మ్యాట్‌కు వెళ్లొస్తానంటే ఆయన ముఖం ఎలా మారుతుంది? ఈ మూడూ తెలుసుకోవడానికి ఒక్క ఉచిత తరగతి చాలు. ఏడాది ఫీజు ముందే కట్టమని తొందరపెట్టే చోట ఆ ఒక్క తరగతి కూడా అక్కర్లేదు.